ముప్పావు టన్నా, టన్నా? - కిరాయి బండి కొనేముందు



దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, భోకర్, కిన్వట్ ప్రాంతాల మన తెలుగువాళ్ళలో కాస్త చేతిలో డబ్బు ఆడిన యువకుడెవరైనా ముందుగా అనే మాట ఒకటుంది. "ఒక చిన్న బండి తీసుకుంటే బాగుండును. మన సరుకు మనమే వేసుకుపోవచ్చు, మిగతా రోజుల్లో కిరాయికి తిప్పుకోవచ్చు" అని. ఆలోచన మంచిదే. చిక్కంతా ఆ తరువాతి ప్రశ్నతోనే వస్తుంది. ఏ బండి? ముప్పావు టన్ను మోసే చిన్న బండా, టన్ను పైన మోసే పికప్ బండా?

ఈ ప్రశ్నకు కొందరు షోరూములో, కొందరు చాయ్ హోటల్లో జవాబు వెతుక్కుంటారు. మా మేనల్లుడు మాత్రం తన చేతి కష్టంతో వెతుక్కున్నాడు. ఆ కథ మధ్యలో చెబుతాను. ముందు బండ్ల సంగతి చూద్దాం.

మన వైపు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు ఊరినుంచి మోండాకు సరుకు పోవాలంటే ఎడ్లబండి, లేకపోతే ట్రాక్టరు, కాస్త దూరమైతే మెటడోర్. 1980లలో టాటా 407, డీసీఎం టొయోటా వచ్చాయి. డీసీఎం అనే మాట ఎంతగా నాటుకుపోయిందంటే, ఆ కంపెనీ పేరు పోయినా మధ్యరకం లారీని ఇప్పటికీ మనం డీసీఎం అనే అంటున్నాం. అదే కాలంలో మనకు దగ్గరలోని జహీరాబాద్‌లో అల్విన్ నిస్సాన్ లారీలు తయారయ్యేవి. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా చేతికి వెళ్ళింది. 2015లో వచ్చిన జీతో అనే చిన్న బండి అక్కడ తయారైనదే.

అయితే ఈ బండ్లన్నిటికీ కింద, మూడు చక్రాల ఆటోకు పైన ఒక ఖాళీ ఉండేది. ఆ ఖాళీని నింపినది 2005లో టాటా కంపెనీ తెచ్చిన ఏస్. దాన్నే జనం ఛోటా హాథీ అన్నారు. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, 16 గుర్రాల శక్తి, సుమారు 750 కిలోల బరువు మోసే సామర్థ్యం. అంటే ముప్పావు టన్ను. మన సందుల్లో తిరుగుతుంది, పొలం గట్టు దాకా పోతుంది. తరువాత మారుతి సూపర్ క్యారీ, మహీంద్రా జీతో ఇదే తరగతిలోకి వచ్చాయి.

దీనికి పైమెట్టు టన్ను తరగతి. మహీంద్రా బొలెరో పికప్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, 2019లో మొదలైన టాటా ఇంట్రా వరుస ఈ కోవలోవి. పేరుకు టన్ను బండి అంటాం కాని, వీటిలో 1,000 కిలోలు మోసేది ఉంది, 1,300 మోసేది ఉంది, 1,700 మోసేదీ ఉంది. అమెరికాలోనూ ఇదే తమాషా. అక్కడ అరటన్ను, ముప్పావు టన్ను, టన్ను అని పికప్ బండ్లను మూడు తరగతులుగా పిలవడం పాత అలవాటు. ఒకప్పుడు అవి నిజంగా మోసే బరువులే. ఇప్పుడు ఆ బండ్లు పేరుకు మించి బాగా ఎక్కువ మోస్తాయి, పేర్లు మాత్రం పాతవే మిగిలాయి. కాబట్టి శ్రోతలారా, బండి పేరును నమ్మకండి. కాగితంలోని అంకెను నమ్మండి.

ఏ కాగితం? ఆర్.సి. అందులో రెండు బరువులుంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది సరుకుతో కలిపి బండి ఉండదగిన మొత్తం బరువు. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మన భాషలో పాసింగ్. కొత్త బండి ఇంకా రిజిస్టరు కాకపోతే ఈ రెండు అంకెలూ షోరూములో రాయించి తీసుకోండి. ఇక్కడ రెండు సంగతులు మరవకూడదు. డ్రైవరు, క్లీనరు కూర్చున్నారంటే వాళ్ళ బరువు కూడా ఈ పాసింగ్‌లోంచే పోతుంది. తరువాత మీరు కట్టించే ఎత్తు జాలీ, ఇనుప పట్టీలు, తాడిపత్రి, స్టెప్నీ పక్కన పెట్టుకునే సామాను, ఇవన్నీ బరువే. వంద కిలోల ఇనుము కట్టిస్తే రెండు సిమెంటు బస్తాల గిరాకీ శాశ్వతంగా వదులుకున్నట్టే.

సి.ఎన్.జి. బండి తీసుకునేవాళ్ళు ఇంకొక అంకె చూడాలి. సిలిండర్ల బరువు వల్ల మోసే శక్తి తగ్గుతుంది. మారుతి సూపర్ క్యారీనే తీసుకుంటే, పెట్రోలు బండికి కంపెనీ చెప్పే అంకె 740 కిలోలు, సి.ఎన్.జి. బండికి 625. బండి ఒకటే, తేడా 115 కిలోలు. అదీగాక మీ దారిలో గ్యాసు బంకు ఉందో లేదో ముందు చూసుకోవాలి.

సరే, బరువు తెలిసింది. ఇక మీ సరుకు ఎలాంటిదో చూడాలి. సరుకులు రెండు రకాలు. బండి నిండకముందే బరువు నిండేవి కొన్ని. బరువు నిండకముందే బండి నిండేవి కొన్ని.

సిమెంటు, ఇసుక, ఎరువు, సోయాబీను, పసుపు కొమ్ములు మొదటి రకం. యాభై కిలోల సిమెంటు బస్తాలు పదిహేను పెడితే 750 కిలోలు. చూడబోతే చిన్న బండి డాలాలో ఇంకా సగానికి పైగా చోటు ఖాళీగానే కనిపిస్తుంది. ఆ ఖాళీయే మనిషిని చెడగొడుతుంది. "ఇంకో అయిదు పట్టవా?" అనిపిస్తుంది. చోటు పడుతుంది, బండి పట్టదు.

విడి పత్తి, ఎండు మిరప, అర్ధాపూర్ అరటి గెలలు, ఖాళీ డ్రమ్ములు, ఫర్నిచరు రెండో రకం. ధర్మాబాద్ మార్కెట్టుకు మిరప బస్తాలు తోలేవాడికి కిలోలకంటే అడుగులు ముఖ్యం. చిన్న బండి డాలా ఏడు అడుగుల పైచిలుకు పొడవుంటుంది. టన్ను తరగతిలో ఎనిమిది, తొమ్మిది అడుగులు, కొన్నిటిలో పదిదాకా ఉంటుంది. ఇలాంటి సరుకు తోలేవాడు తక్కువ బరువున్నా పెద్ద డాలా కోసమే పెద్ద బండి తీసుకోవచ్చు. అది తప్పు లెక్క కాదు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక లెక్క చెబుతాను. ఇవి లెక్క సులువుగా ఉండాలని నేను పెట్టుకున్న అంకెలు. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

పోనూ రానూ 120 కిలోమీటర్ల కిరాయి అనుకుందాం. లీటరు నూనె వంద రూపాయలు. చిన్న బండి లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తే 6 లీటర్లు, 600 రూపాయలు. టన్ను బండి 15 ఇస్తే 8 లీటర్లు, 800 రూపాయలు. డ్రైవరు కూలి ఏ బండికైనా ఒకటే, 600 అనుకోండి. పెద్ద బండి కిస్తీ నెలకు 4,000 ఎక్కువ అనుకుని, నెలకు 20 ట్రిప్పులు పడితే, ట్రిప్పుకు 200 అదనం. మొత్తం మీద చిన్న బండి ట్రిప్పుకు 1,200, పెద్ద బండి ట్రిప్పుకు 1,600.

రెండు బండ్లూ నిండుగా పోయాయనుకోండి. చిన్నదానిలో ఏడున్నర క్వింటాళ్ళు, పెద్దదానిలో పది క్వింటాళ్ళు. క్వింటాలుకు ఖర్చు ఎంత? చిన్నదానికి 160. పెద్దదానికీ 160. సరిగ్గా సమానం!

ఇప్పుడు సరుకు ఆరు క్వింటాళ్ళే దొరికింది. చిన్న బండికి క్వింటాలుకు 200. పెద్దదానికి 267. పెద్ద బండివాడు నష్టపోయాడు.

మూడోసారి సరుకు పది క్వింటాళ్ళు ఉంది. పెద్ద బండి ఒకే ట్రిప్పులో తెచ్చింది, క్వింటాలుకు 160. చిన్న బండి రెండు ట్రిప్పులు తిరగాలి, 2,400 ఖర్చు, క్వింటాలుకు 240. ఈసారి చిన్న బండివాడు నష్టపోయాడు.

చూశారా? ఏ బండి లాభం అనే ప్రశ్నకు జవాబు బండిలో లేదు. మీకు రోజూ దొరికే సరుకులో ఉంది. అందుకే నేను చెప్పే సలహా ఒకటే. బండి కొనేముందు ఒక నెల రోజులు నోటుబుక్కు పెట్టండి. మీ సరుకు ఎంత, అక్కపక్కవాళ్ళ సరుకు ఎంత, అడ్తి దుకాణం వాడు ఎన్ని బస్తాలకు పిలుస్తాడు, తిరుగు కిరాయి దొరుకుతుందా, అన్నీ తేదీ వేసి రాయండి. నెలలో పదిహేను రోజులు ఏడు క్వింటాళ్ళ లోపే ఉంటే చిన్న బండి. సగం పైన రోజులు పది దాటితే టన్ను బండి. సంవత్సరంలో ఒక్క నెల వచ్చే పెద్ద సరుకు కోసం పన్నెండు నెలల కిస్తీ నెత్తిన పెట్టుకోకండి. ఆ నెలకు బండి కిరాయికి మాట్లాడుకోవడం చవక. సోయా దీపావళికి అటూ ఇటూగా వస్తుంది, పత్తి ఆ తరువాత నాలుగు నెలలు, పసుపు ఎండలు ముదిరేలోపు. కిస్తీ మాత్రం జూలై వానల్లోనూ వస్తుంది.

ఇక మా మేనల్లుడి కథ. 2018లో ముప్పావు టన్ను బండి కొన్నాడు. మొదటి ఏడాది బాగానే నడిచింది. సోయా సీజను వచ్చింది. ఒక రోజు నేనే చూశాను, బండి మీద పదమూడు క్వింటాళ్ళున్నాయి. వెనక కమాన్ కట్టలు తిరగబడ్డట్టు వంగి ఉన్నాయి. "ఇదేమిట్రా?" అన్నాను. "మామా, రెండు ట్రిప్పులు ఎవడు తిరుగుతాడు? బండి లాగుతోంది కదా" అన్నాడు.

బండి లాగడం వేరు, బండి ఆగడం వేరు. ఈ మాట శ్రోతలు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇంజను కింది గేరులో ఎంతో కొంత లాగుతూనే ఉంటుంది. కాని బ్రేకు, టైరు, ఇరుసు ఒక బరువుకు లెక్కగట్టి చేసినవి. ఖాళీ బండి 850 కిలోలు, సరుకు 750 అయితే మొత్తం 1,600. సరుకు 1,300 పెడితే మొత్తం 2,150. అంటే బ్రేకు మీద పని మూడో వంతు పెరిగింది. వేగం రెట్టింపైతే ఆ పని నాలుగింతలవుతుంది. పైగా వెనక బరువెక్కువైతే ముందు చక్రాలు తేలికపడతాయి, స్టీరింగు మాట వినదు. మాహూరు గుట్టల దిగుడులో, కిన్వట్ అడవి దారి మలుపుల్లో ఇది ప్రాణం మీదికి వస్తుంది.

మా వాడికి సరుకుతో ఏమీ కాలేదు. సరుకు దింపి సంతనుంచి తిరిగి వస్తున్నాడు. ఊరివాళ్ళు ఆరేడుగురు "మమ్మల్నీ ఎక్కించుకో బాబూ" అన్నారు. ఊరివాళ్ళను కాదనగలమా? డాలాలో ఎక్కించాడు. సీజనంతా అదనపు బరువు మోసిన కమాన్ కట్ట ఖాళీ బండిలోనే విరిగింది. బండి పక్క కాలువలోకి ఒరిగింది. దేవుడి దయవల్ల ఎవరి ప్రాణమూ పోలేదు కాని, ఒక పెద్దాయనకు తుంటి ఎముక విరిగింది. ఆయన మళ్ళీ పొలం పనికి పోలేదు.

ఇన్సూరెన్సు ఉంది కదా అనుకున్నాం. అప్పుడు తెలిసింది అసలు సంగతి. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశారాణి కేసులో తేల్చింది. సరుకు యజమాని గాని, అతని మనిషి గాని తన సరుకుతో పాటు పోతుంటే ఆ లెక్క వేరు. కూలికి పెట్టుకున్న హమాలీల సంగతీ వేరు, వాళ్ళలో ఎంతమందికి ప్రీమియం కట్టారో పాలసీలో రాసి ఉంటుంది. కాని సంతనుంచి వచ్చే పొరుగువారు, పెళ్ళికి పోయే చుట్టాలు, మాహూరు రేణుకాదేవి దర్శనానికి పోయే భక్తులు, వీళ్ళెవరికీ ఆ కాగితం పనిచేయదు. కేసు మూడేళ్ళు నడిచింది. చివరికి పరిహారం మా వాడే కట్టాడు. బండి అమ్మాడు, చాలక అరెకరం అమ్మాడు.

కాబట్టి ఇప్పుడు చట్టం సంగతులు నాలుగు చెప్పి ముగిస్తాను. ఇవి కూడా బండి ఎంపికలో భాగమే.

మొదటిది, అదనపు బరువు జరిమానా. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం 20,000 రూపాయలు, ఆ పైన అదనపు టన్నుకు 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దింపించే ఖర్చు కూడా మనదే. సరుకు పక్కలకు, పైకి హద్దు మీరి పొడుచుకొచ్చినా 20,000 జరిమానా ఉంది. పత్తి, కడపు తోలేవాళ్ళు గమనించాలి. ఒక్క జరిమానాతో సీజను లాభం పోతుంది. అనుమానమొస్తే ముందే ధరమ్ కాంటా మీద తూచుకోండి. ఆ ఖర్చు లెక్కలోది కాదు.

రెండోది, పర్మిట్టు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్టు అక్కరలేదు. ముప్పావు టన్ను బండ్లన్నీ ఈ హద్దులోపలే. టన్ను తరగతిలో కొన్ని లోపల, కొన్ని బయట. అన్నిటికంటే ఎక్కువ మోసే 1,700 కిలోల పికప్ ఈ గీత దాటుతుంది. సరిహద్దులో ఉన్న మనకు ఇది చాలా ముఖ్యం. ధర్మాబాద్ నుంచి బాసర, బిలోలి నుంచి బోధన్, దెగ్లూరు నుంచి మద్నూర్, భోకర్ నుంచి భైంసా మనకు పక్క ఊళ్ళే. కాని బండికి అది వేరే రాష్ట్రం. 3,000 దాటిన బండి అటు తిరగాలంటే నేషనల్ పర్మిట్టు లాంటి, అక్కడ చెల్లే పర్మిట్టు ఉండాలి. దాటని బండికైనా అటు రాష్ట్రం పన్ను సంగతి నాందేడ్ ఆర్.టి.ఓ. ఆఫీసులో కొనేముందే అడిగి తెలుసుకోండి.

మూడోది, లైసెన్సు. ఇక్కడ మంచి వార్తే. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండిని మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని, కిరాయి బండి అయినా వేరే రాయింపు అక్కరలేదని, అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. మనం మాట్లాడుకునే రెండు తరగతులూ ఈ హద్దులోనే ఉన్నాయి. అందువల్ల లైసెన్సు భయంతో చిన్న బండికి పోనక్కరలేదు.

నాలుగోది, ఫిట్‌నెస్. కిరాయి బండికి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పాత బండి కొనేవాళ్ళు ఇది చూసుకోవాలి. పాత బండి కింద పడుకుని కమాన్ కట్టలు చూడండి. కంపెనీ ఇచ్చినవాటికంటే ఎక్కువ పట్టీలు కనిపిస్తే ఆ బండి పాసింగ్‌కు మించి మోసిందని అర్థం. పట్టీలు కలిపినంత మాత్రాన పాసింగ్ పెరగదు. బ్రేకు అదే, ఇరుసు అదే, ఆర్.సి. అంకె అదే.

మరి మా మేనల్లుడు ఇప్పుడేం చేస్తున్నాడని మీరు అడగవచ్చు. నాలుగేళ్ళు వేరేవాళ్ళ బండి నడిపాడు. గత సంవత్సరం మళ్ళీ తన బండి కొన్నాడు. ఈసారి నెలన్నర నోటుబుక్కు రాశాడు. సరుకు ఎక్కువగా తొమ్మిది, పన్నెండు క్వింటాళ్ళ మధ్య తేలింది. 1,300 కిలోల పాసింగ్ ఉండి, మొత్తం బరువు 3,000 లోపుండే బండి తీసుకున్నాడు. కిస్తీ ఎక్కువే, కాని సరుకు చూసుకుని తీసుకున్నాడు గనుక కడుతున్నాడు. డాలాలో మనుషులను ఎక్కించుకోడు. ఊరివాళ్ళు మొదట్లో ముఖం మాడ్చుకున్నారు. "మీ మీద ప్రేమ ఉంది గనుకనే ఎక్కించుకోను కాకా" అంటాడు. ఆ తుంటి విరిగిన పెద్దాయన ఇంటి ముందునుంచి పోయేటప్పుడు మాత్రం ఇప్పటికీ బండి నెమ్మది చేస్తాడు.

శ్రోతలారా, ముప్పావు టన్ను తక్కువ కాదు, టన్ను గొప్ప కాదు. నోటుబుక్కులోని సరుకు, ఆర్.సి.లోని అంకె, రెండూ కలిసిన చోట మీ బండి ఉంటుంది.